మెడ గోడ వైపు పరిచిన తోలు

మా అమ్మగారింట్లో తోలు పరిస్తే మెడ వాకిలి వైపు ఉంటుంది. మా అత్తగారింట్లో మెడ గోడ వైపు ఉంటుంది. తేడా ఇంతే. ఈ ముక్క ఎవరైనా నాకు కాపురానికి వచ్చిన రోజే చెప్పి ఉంటే ఒక బర్రె తోలు దక్కేది. మా మామ అంతమంది ముందు మాటలు పడే పని ఉండేది కాదు. నేను ఇన్నాళ్ళుగా ఒక మాట నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కలేక తిరగాల్సిన పనీ ఉండేది కాదు.

నేను పుట్టింది బద్వేలు దగ్గర పల్లెలో. నాయనది తోలు పని. ఆయనకు మగపిల్లలు లేరు. మిషను బడిలో మూడో తరగతి అయిపోగానే పలక మూలన పెట్టేసి నేనే ఆయన పక్కన కూర్చున్నాను. అక్షరాల కంటే తోలే నాకు తొందరగా వచ్చింది. తెలియనివాళ్ళు తోలంతా ఒకటే అనుకుంటారు. ఒకే ఎద్దు తోలులో నాలుగైదు రకాల తోళ్ళు ఉంటాయి. వెన్ను మీద నుంచి పిర్రల దాకా ఉండేదే అసలు తోలు. ఒత్తుగా ఉంటుంది, లాగితే సాగదు. చెప్పుల అడుగులకు అదే కావాలి. భుజం తోలు మెత్తగా వంగుతుంది కాబట్టి పై పట్టీలకు పనికొస్తుంది. పొట్ట తోలు ఎంత లాగితే అంత వస్తుంది. దాన్ని చెప్పు లోపల రెండు అట్టల మధ్యన దాచాల్సిందే తప్ప బరువు మీద పెట్టకూడదు. కాళ్ళ తోలు చీల్చి వారులు చేసుకుంటాం. ఇక మెడ తోలు ఉందే, అదంత దొంగ తోలు ఇంకోటి లేదు. రెండు వేళ్ళతో పట్టుకుంటే పిర్ర తోలంత మందంగా తగులుతుంది. లోపలంతా గుల్ల. కాడి రాచిన చోట అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంటుంది, మడిస్తే పగులుతుంది.

"కండ్లతో సూస్తే అన్నీ ఒకటే మాదిరుంటాయి మ్మే, నీళ్ళు సల్లి సూడు" అనేవాడు నాయన. ఎండిన తోలు మీద నాలుగు చుక్కలు చల్లితే వెన్ను మీద చుక్క నిలబడుతుంది. పొట్ట మీద పడీ పడకముందే తాగేస్తుంది. నేను ఏడేళ్ళు ఆ చుక్కలు చూస్తూ పెరిగాను.

అంత నేర్చుకుని ఏం లాభం? నన్ను కర్నూలు వైపు ఇచ్చారు. ఇక్కడ ఆడది తంగేడు చెక్క దంచాలి, సున్నం నీళ్ళలో తోళ్ళు తిప్పాలి, వెంట్రుకలు గీకాలి, ఆముదం పట్టించాలి. రంపె మాత్రం పట్టుకోకూడదు. తోలు కోసే ఆ కత్తి మగవాళ్ళది. అదీ సరే అనుకున్నాను. అన్నిటికంటే కష్టం ఇంకోటి ఉంది. కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెప్పాలి. ఆయన నాలుగడుగుల దూరంలో కూర్చుని నా మాట విననట్టు ముఖం పెట్టి, అత్త చెప్పేదాకా కాచుకుని ఉంటాడు. నాకా, నోరు ఊరుకోదు. మొదటి నెల రోజులు దడితో మాట్లాడాను, మేకతో మాట్లాడాను, రోటితో మాట్లాడాను.

మా ఆయనకు తోలు పని రాలేదు. బేతంచెర్ల వైపు బండలు తీసే పనికి పోయి పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. కాబట్టి ఇంట్లో రంపె పట్టేది మామ ఒక్కడే. ఊళ్ళో పెద్ద రైతు బావికి కపిల తొండం కుట్టేది తాతల నాటి నుంచి ఈ ఇల్లే. ఎద్దులతో బావి నీళ్ళు తోడే ఆ కపిలలో బాన ఇనుముదైనా, దాని అడుగున వేలాడే తొండం తోలుదే. ఎద్దులు మోకు లాగితే బాన పైకొస్తుంది, తొండం లోంచి నీళ్ళు కాలువలో పడతాయి. తొండం చినిగిందంటే నీళ్ళన్నీ తిరిగి బావిలోకే. ఆ పని మా మామకు తిండి మాత్రమే కాదు, పేరు కూడా. "బాయి తొండం ఆయప్పది" అని చెప్పుకుంటారు. ఆ బావి కింద మిరప తోట పచ్చగా ఉంటే, దాన్ని తానే పెట్టినట్టు చూసేవాడు.

ఆ ఏడు తొండం పాతబడిపోయింది. యుద్ధం రోజులు. తోళ్ళ సాయిబులు ఊరూరా తిరిగి మంచి తోళ్ళన్నీ బండ్లకెత్తుకుపోయారు. మాకు దొరికింది ఒక ముసలి బర్రె తోలు. నేనే సున్నం పెట్టాను, నేనే గీకాను. సంచిలా కుట్టి, తంగేడు చెక్క నింపి, వేపకొమ్మకు వేలాడదీసి రోజూ నీళ్ళు పోశాను. ఇరవై రోజులకు పదునుకొచ్చింది. దించి, ఉతికి, నీడన ఆరబెట్టి, ఇంటి ముందు పంచలో పరిచాను.

మా అమ్మగారింటి అలవాటు ప్రకారం మెడ వాకిలి వైపు పరిచాను.

మామ వచ్చాడు. గోడ వైపు నుంచి నాలుగు జానలు వదిలిపెట్టి, బొటనవేలితో మందం చూసుకున్నాడు. చాలా దగ్గరగా వంగాడు, వాసన చూస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత రంపె తీసుకుని వాకిలి వైపు చివర మొదలుపెట్టాడు. అది మెడ! ఎద్దు తోలైతే మూపురం ఉన్న చోటు చేతికే తెలిసిపోతుంది. బర్రెకు మూపురమెక్కడిది? తల, కాళ్ళు తీసేశాక బర్రె తోలు పరిచిన చాపలాగే ఉంటుంది.

"అత్తా! మామకు చెప్పు! అది మెడ తోలు!" అని అరిచాను.

రోకలి ఎత్తిన అత్త ఎత్తినట్టే ఆగింది. "సప్పుడు చేయాకు మే. కత్తి తోలు మింద ఉన్నప్పుడు ఆడోళ్ళు మాట్లాడకూడదు."

"మాట్లాడకుంటే తొండం చినుగుతాది అత్తా!"

"ముందు నీ నోరు చినుగుతాది. దంచు."

మామ నా అరుపు విననట్టే వంగి ఉన్నాడు, రంపె సర్రున పోయింది. కోసిన తోలును తిరిగి అతికించలేం కదా. అప్పుడు కూడా నాకు అసలు సంగతి తట్టలేదు. ముసలాయన ఇంత పొరపాటు చేశాడేమిటా అని కోపం మాత్రం వచ్చింది. కుట్టడానికి కూర్చున్నప్పుడు ఆరె తీసి ఆయన ముందు పెట్టాను, చెప్పులు కుట్టే ఆ ముల్లు నేల రంగులో కలిసిపోయింది. ఆయన అరచేయి నేల మీద ఇటూ అటూ తడిమింది. జానెడు దూరంలో ఉన్న ఆరె ఆయనకు కనబడలేదు.

అప్పుడు తెలిసింది. ఆయన తోలు చూసి కోయలేదు. గోడ ఎటుందో చూసి కోశాడు. ఆ ఇంట్లో నలభై ఏళ్ళుగా మెడ గోడ వైపే ఉంది.

ఆ తొండం నాలుగు రోజులు నీళ్ళు పోసింది. ఐదో రోజు కుట్ల దగ్గర సాగి, నోరు తెరిచింది. రైతు మా పేట మొగదల దాకా వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాడు. అక్కడి నుంచే ఊరంతా వినబడేలా అరిచాడు.

"ఏమిరా ముసలోడా! తొండం కుట్టినావా, జల్లెడ కుట్టినావా? పూత మీద ఉండాది మిరప. నీళ్ళన్నీ బాయిలోకే పోతాండాయి!"

"బర్రె ముసల్ది సామీ. తోలు మంచిది కాదు" అన్నాడు మామ తల వంచుకుని.

"బర్రె ముసల్దా, నువ్వు ముసలోడివా?"

పేటలో ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళంతా మండింది. చచ్చిన బర్రె మీద నేరం వేశాడని మామ మీద మంట. మా మామ అంత వయసు మనిషిని అరేతురే అంటున్నాడని రైతు మీద మంట. వీటన్నిటి కంటే తోలు తిరగేసి పరిచిన నా చేతుల మీద మంట. ఆ మాట చెప్పాలంటే, "మామకు కళ్ళు కనబడవు, అందుకే నా తప్పు పట్టుకోలేకపోయాడు" అని చెప్పాలి. అది ఎలా చెప్పను, ఎవరికి చెప్పను?

ఆ వారం మా ఆయన వచ్చాడు. వచ్చినవాణ్ణి నీళ్ళు తాగనివ్వకుండా దొడ్లోకి లాక్కుపోయి చెప్పాను.

"మీ నాయనకు కండ్లు ఆనడం లేదు."

"తెలుసు" అన్నాడు.

"తెలుసా? మీ అమ్మకు?"

"అమ్మకు రెండేండ్లుగా తెలుసు."

"మరి అందరూ ఎందుకు నోరు కుట్టుకున్నారు?"

"సెప్తే ఏమయితాది? రంపె కింద పెట్టేస్తాడు. రంపె కింద పెట్టినాక ఆయప్ప యాడుంటాడు? గోడకానుకొని కూసుంటాడు. ఆర్నెల్లు కూడా బతకడు. నువ్వేం సెప్పాకు."

"అందరికీ తెలుసు. పాపం ఆ తొండానికే తెల్దు" అన్నాను. ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

పాత తొండానికే అతుకుల మీద అతుకులు వేసి రైతు ఎలాగో నెట్టుకొచ్చాడు. కొన్నాళ్ళకు ఆయన కపిల ఎద్దుల్లో ఒకటి జబ్బుతో చిక్కి చిక్కి చచ్చిపోయింది. మళ్ళీ పేట మొగదలకే వచ్చాడు. ఈసారి అరవలేదు. అందుకే మరీ భయమేసింది.

"ఇది నా ఎద్దు. తొమ్మిదేండ్లు ఆ బాయి కాడనే తిరిగినాది. దీని తోలుతో తొండం కుట్టు. ఇది కూడా పోయిందంటే నీకు ఇంగ సెప్పేది ల్యా. పక్కూరోళ్ళను పిలుసుకుంటా."

ఒక్క తోలు. ఇంకోటి దొరకదు. తప్పు కోస్తే ఆ బావి మా ఇంటిది కాదు, మా మామ మా మామ కాదు.

మళ్ళీ సున్నం, మళ్ళీ గీకడం, మళ్ళీ తంగేడు చెక్క. ఈసారి తోలు కొమ్మకు వేలాడుతున్నన్నాళ్ళూ నేను దాన్ని పాఠంలా చదివాను. మూపురం ఉంది కాబట్టి మెడ ఎటో ఆయన చేతికి తెలుస్తుంది. భయం అది కాదు. జబ్బు చేసినప్పుడు ఎవరో దాని కుడి పక్కన మూడు వాతలు పెట్టారు. వాత పడిన చోట తోలు కాలి పలుచబడుతుంది, నీళ్ళ బరువుకు అక్కడే చీలుతుంది. కాడి రాపిడి కుడి భుజం దాకా దిగి ఉంది. ఎడమ వైపు పొట్ట తోలు, ఎద్దు బక్కచిక్కి చచ్చింది కాబట్టి, ఉండాల్సిన దాని కంటే పైకి ఎక్కి వచ్చింది. వీటిలో ఒక్కటి కూడా ఆయన కళ్ళకు కనబడదు. సున్నంలో నానీ నానీ మొద్దుబారిన ఆ వేళ్ళకు తెలియదు.

తోలు ఆరిన రోజు పొద్దున నీళ్ళు చల్లి చూసుకుని, అత్త దగ్గరికి పోయాను. మామ పంచలో కూర్చుని రంపె నూరుతున్నాడు.

"అత్తా, కుడి పక్క మూడు వాతలుండాయని మామకు చెప్పు. ఎడమ పక్క పొట్ట తోలు శానా పైకుండాది, రెండు బెత్తలు లోపలికి కోయల్లని చెప్పు."

అత్త ఆయన వైపు తిరిగింది. "ఏమయ్యో, కోడలు గంజి తాగుతావా అని అడుగుతాంది."

మామ "ఇప్పుడొద్దు" అన్నాడు.

"నేను గంజి అన్నానా అత్తా?" అని గొంతు తగ్గించి అడిగాను.

"వాతలంటే ఆయప్పకు కోపమొస్తాది. గంజంటే రాదు."

"గంజితో తొండం నిలుస్తాదా?"

"నన్నడగాకు మే. మా మామకు నేను ఇరవై ఏండ్లు గంజే సెప్పినా."

ఏం చేయాలి ఇలాంటి మనిషిని? ఏడుపొచ్చింది, కొట్టాలనీ అనిపించింది. చెక్క దంచుతున్నంతసేపూ ప్రతి పోటుకూ ఒకరిని తిట్టుకున్నాను. అత్తకొకటి, మామకొకటి, రైతుకు రెండు. అలా దంచుతుంటే తట్టింది. నోటితోనే కదా చెప్పకూడదు. ఆయన చేతికి చెబితే?

మధ్యాహ్నం మామ కునుకు తీశాడు. నేను లావుపాటి కిత్తనార పేనుకుని, ఆరె తీసుకుని, తోలు ముందు కూర్చున్నాను. వెన్ను నుంచి పిర్రల దాకా, తొండానికి సరిపోయే మేర, మంచి తోలు చుట్టూ గీత గీసినట్టు కుట్లు వేసుకుంటూ పోయాను. వాతలు వచ్చిన చోట లోపలికి తిరిగాను. ఎడమ పొట్ట దగ్గర రెండు బెత్తలు లోపలికి జరిగాను. మంచి తోలుకు చిల్లులు పెడుతున్నానని నాయన చూస్తే మొట్టేవాడేమో. కానీ కోసేది ఆ గీత మీదనే, ఆ అంచు ఎలాగూ కుట్టులోకే పోతుంది. రంపె పట్టకూడదన్నారు గాని, ఆరె పట్టకూడదని ఎవరూ అనలేదు.

తల ఎత్తితే అత్త వాకిట్లో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. తిడుతుందనుకున్నాను. కుట్ల వెంట కళ్ళు ఒకసారి తిప్పి, "మెడ గోడ పక్కకు పెట్టు ముందు" అంది. అంతే. లోపలికి పోయింది.

సాయంత్రం ఎండ తగ్గాక మామ వచ్చాడు. మూపురం చోటు తడిమి తలూపాడు. చేయి వెన్ను వెంట జరిగింది, పక్కకు దిగింది, కుట్టు దగ్గర ఆగింది. వేలితో ఒక కుట్టు నొక్కాడు. తర్వాతది నొక్కాడు. వాతల దగ్గర వంపు తిరిగితే వేలూ దాంతోపాటు వంపు తిరిగింది. తోలు చుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ చివరి కుట్టు దాకా పోయాడు. నేను రోలు వెనక కూర్చుని చూస్తున్నాను.

"మేయ్" అన్నాడు అత్తతో. "ఇదేంది?"

"ఏమో. ఎలుకలు కొరికింటాయి."

"ఎలుకలు కుట్లు కూడా యేస్తాయా?"

"ఈ కాలం ఎలుకలు ఏమైనా యేస్తాయి" అంది అత్త చాటలో చెక్క చెరుగుతూ.

ఆయన రంపె తీసుకున్నాడు. ఎడమ చేతి వేలు కుట్టు మీద, కుడి చేతిలో రంపె. వేలు ముందు నడిచింది, రంపె వెనక నడిచింది. వాతల వంపు తిరిగాడు. కాడి రాపిడిని వదిలేశాడు. నేను లోపల్లోపల "అదే, అదే" అనుకుంటున్నాను. ఎడమ పొట్ట దగ్గరికి వచ్చాక ఆగాడు. జానతో కొలుచుకున్నాడు. "మూతి ఇరుకయితాది" అని తనలో తాను గొణుక్కుని, కుట్టు వదిలేసి, రెండు వేళ్ళు బయటికి కోశాడు.

నాలుక కొరుక్కున్నాను. నిజంగానే కొరుక్కున్నాను, రాత్రికి కారం తినలేకపోయాను. కత్తి తోలు మీద ఉంది మరి. ఆడవాళ్ళు మాట్లాడకూడదు.

తొండం కుట్టారు, ఆముదం పట్టించాం, బావికి మోసుకుపోయాం. మామ బాన అడుగున కట్టి, మోకు ముడి సరిచూశాడు. కపిల తోలేవాడు ఎద్దులను అదిలించాడు. చక్రం కిర్రుమంది. బాన లేచింది, తొండం ఉబ్బింది, నీళ్ళు దభీమని కాలువలో పడ్డాయి. మళ్ళీ దించారు, మళ్ళీ లాగారు. పది బానలైనా తొండం చెదరలేదు. ఒక్క చోట మాత్రం, ఎడమ పక్కన, సరిగ్గా ఆ రెండు వేళ్ళ మేర, సన్నగా దారంలాగ నీళ్ళు చిమ్ముతున్నాయి. నాకు ఆ దారం తప్ప ఇంకేమీ కనబడలేదు.

రైతు కాలువలో దోసిలి పట్టి తాగాడు. మేం తాగాలంటే కింది మడి దాకా పోవాలి. ఆయన మూతి తుడుచుకుంటూ, "పరవాల్యా. ముసలోడి చేయి ఇంగా పోల్యా" అన్నాడు. "ఆ చిమ్మేదేంది?"

"దానికి చిన్న అతుకేస్తా సామీ. రెండు కుట్లు" అన్నాడు మామ.

చూసినవాళ్ళందరూ ఆయన చేతిని మెచ్చుకున్నారు. ఆయన తలూపాడు. నేను బావి గట్టున నిలబడి తంగేడు రంగు ఎక్కిన నా గోళ్ళు చూసుకున్నాను. సంతోషపడాలని తెలుసు. బావి మా ఇంటిదిగానే ఉంది. రంపె ఆయన చేతిలోనే ఉంది. కానీ మనసు ఊరుకుంటుందా? ఆ రెండు వేళ్ళు, ఆ రెండు వేళ్ళు అని ఒకటే పోరు.

ఇంటికి పోయేటప్పుడు మామ ముందు, పది అడుగుల వెనక అత్త, ఇంకో పది అడుగుల వెనక నేను. కందిచేను మలుపు దగ్గర మామ వెనక్కి తిరగకుండానే అత్తతో అన్నాడు. గాలి మా వైపే వీస్తోంది, ప్రతి మాటా నా చెవిన పడింది.

"మేయ్, ఆ ఎలుకకు సెప్పు. ఎడమ పక్క కుట్టు సరిగ్గానే ఉన్నింది. నేనే ఇనలేదని సెప్పు. ఈసారి నార ఇంగొంచెం లావుగా పేనమను."

అత్త తాపీగా నా వైపు తిరిగింది.

"మీ మామ ఇంటికి పోతానే గంజి కాయమంటాండాడు" అంది.

కాచాను. ఏం చేస్తాను? కానీ ఆ మాట నా వైపు తిరిగి చెబితే ఏం పోయింది ఆయనకు? ఆ రోజు నుంచి ప్రతి తోలుకూ కుట్లు నేనే వేస్తున్నాను, ఆయన వేలు వాటి మీద నడుస్తోంది, ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. బర్రె తోలు మెడ వాకిలి వైపు పరిచింది నేనేనని, ఆ రోజు పడిన మాటల్లో సగం నావని, ఆయనకు చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆరెతో కుట్టి చెప్పే మాట కాదది. అత్త చేత చెప్పిస్తే మళ్ళీ గంజి అవుతుంది.